చుక్కను వెలిగించే చేతులు

రొమ్ము క్యాన్సర్‌కి వైద్యం చేయించుకునేవాళ్ల ఫైల్లో ఒక్కోసారి చిన్న రంగుల బొమ్మ ఒకటి కనిపిస్తుంది. నల్లటి నేల మీద నీలం గుండ్రాలు. ఒక్కో గుండ్రంలో ఒకటో రెండో ఆకుపచ్చ చుక్కలు, వాటి పక్కన రెండో, పదో, కొన్నిసార్లు గుత్తులుగానో నారింజ చుక్కలు. విజయనగరం నుంచి అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో, హైదరాబాదుకో తిరిగే కుటుంబాలకి ఇది ‘ఫిష్ (ఫ్లోరెసెన్స్ ఇన్ సిటు హైబ్రిడైజేషన్) రిపోర్టు’గా తెలుసు. నీలం గుండ్రం ఒక కణంలోని కేంద్రకం. ఆకుపచ్చ చుక్క 17వ క్రోమోజోము నడుము. నారింజ చుక్క అదే క్రోమోజోము మీద హర్2 అనే జన్యువు ఉన్న చోటు. నారింజ చుక్కలు ఆకుపచ్చవాటికి రెట్టింపు, అంతకు మించి ఉంటే ఆ కణితికి ట్రాస్టుజుమాబ్ మందు వాడతారు. ఏడాది పాటు ఎక్కించాల్సిన మందు, ఖరీదైన మందు, గుండె మీద కూడా కన్నేసి ఉంచాల్సిన మందు. ఇవ్వాలా వద్దా అనేది ఆ చుక్కల లెక్క మీద తేలుతుంది.

ఇంత బరువు మోసే చుక్కను తయారుచేయడం ఎంత నేర్పున్న పనో ఆ కాగితం చెప్పదు. మనిషి కణం ఒక్కొక్కదానిలో దాదాపు 600 కోట్ల జతల డీఎన్‌ఏ అక్షరాలు ఉన్నాయి. సాగదీస్తే రెండు మీటర్ల పొడవుండే పోగు మిల్లీమీటరులో వందో వంతు కూడా లేని కేంద్రకంలో ఇమిడి ఉంది. హర్2 కోసం వాడే ప్రోబు, అంటే జన్యువును వెతికి పట్టుకునే రంగు తగిలించిన డీఎన్‌ఏ, పట్టుకునే భాగం అందులో సుమారు 1,90,000 అక్షరాలు. మిగతా కోట్లాది అక్షరాల్లో ఎక్కడా అంటుకోకుండా ఆ ఒక్క చోటికే పోయి కూర్చోవాలి. వెలిగించడం తేలిక. మిగతాదంతా చీకటిగా ఉంచడమే కష్టం. ఈ పద్ధతిలో పనితనమంతా అక్కడే ఖర్చవుతుంది.

ముందుగా ప్రోబు. డీఎన్‌ఏ రెండు పోగుల అల్లిక. ఒక పోగులోని అక్షరాల వరుస రెండో పోగులోని వరుసను నిర్ణయిస్తుంది. వేడి చేస్తే పోగులు విడిపోతాయి, చల్లారితే తమ జత ఎక్కడుందో వెతుక్కుని మళ్లీ కలుస్తాయి. ఈ గుణాన్నే వాడుకుంటారు. కావలసిన జన్యువున్న డీఎన్‌ఏ ముక్కను బ్యాక్టీరియాలో పెంచి బయటికి తీస్తారు. ఒక ఎంజైమ్ దానిమీద అక్కడక్కడ గాట్లు పెడుతుంది. ఇంకో ఎంజైమ్ గాటు దగ్గర మొదలుపెట్టి పాత అక్షరాలను తీసేస్తూ కొత్తవి పేరుస్తూ పోతుంది. ఆ కొత్త అక్షరాల్లో కొన్నింటికి ముందే రంగు తగిలించి ఉంటారు. ఒక రంగు కాంతిని పీల్చుకుని మరో రంగులో విడిచే పదార్థం అది. ఈ పనిలో గాట్ల సంఖ్యే కీలకం. చివరికి ముక్కలు 200 నుంచి 500 అక్షరాల పొడవుండాలి. పొడుగు ముక్కలు లోపలికి చొరబడలేక స్లైడంతా అంటుకుని మిణుగురులు చల్లినట్టు చేస్తాయి. మరీ పొట్టివి నిలబడకుండా కడిగేటప్పుడు పోతాయి. అందుకే ఎంజైమ్ పాళ్లు, సమయం సరిచూసుకుని, జెల్ మీద ముక్కల పొడవు కొలిచాకే ముందుకు వెళతారు.

ప్రోబు సరిగా కుదిరినా ఒక చిక్కు మిగిలే ఉంటుంది. మన జన్యుసంపదలో సగం దాకా పదేపదే వచ్చే వరుసలే. ఆలు అనే 300 అక్షరాల వరుస ఒక్కటే పది లక్షలకు పైగా చోట్ల ఉంది. హర్2 ప్రోబులోనూ ఆ వరుసలు ఉండక తప్పదు. అలా వదిలేస్తే ప్రోబు అన్ని క్రోమోజోములనూ పట్టుకుంటుంది, కేంద్రకమంతా వెలిగిపోతుంది. దీనికి కనిపెట్టిన విరుగుడు చూస్తే ముచ్చటేస్తుంది. ఎక్కువగా పునరావృతాలే ఉన్న, రంగు వేయని డీఎన్‌ఏని ప్రోబుకి ఎన్నో రెట్లు ఎక్కువ కలుపుతారు. ల్యాబులో దాన్ని ‘కాట్-1’ అంటారు. అది ప్రోబులోని సాధారణ వరుసలను ముందే పట్టేసుకుంటుంది. ఇక ప్రోబుకి మిగిలేది తనకు మాత్రమే చెందిన వరుస. కంటికి కనిపించని డీఎన్‌ఏ కనిపించాల్సిన చుక్కను కాపాడుతోందన్నమాట.

ఇక స్లైడు. క్రోమోజోముల మీదే జన్యువు చోటు చూడాలంటే విభజన దశలో ఉన్న కణాలు కావాలి. రక్తం నుంచి తెల్లకణాలను తీసి, విభజనను రేపే పదార్థంతో 72 గంటలు పెంచుతారు. కోల్సిమిడ్ వేస్తే క్రోమోజోములు పూర్తిగా ముడుచుకున్న దశలోనే కణాలు ఆగిపోతాయి. తర్వాత పలచని పొటాషియం క్లోరైడ్ నీటిలో ఉబ్బిస్తారు. ఉబ్బించకపోతే క్రోమోజోములు ఒకదాని మీద ఒకటి పడి లెక్క తప్పుతుంది. మనిషికి 48 క్రోమోజోములని 1920ల నుంచి ముప్పై ఏళ్లకు పైగా శాస్త్రలోకం నమ్మడానికి ఇలాంటి కిక్కిరిసిన స్లైడ్లూ ఒక కారణం. 1956లో టియో, లెవాన్ విడివిడిగా పరిచిన క్రోమోజోములు చూపించి 46 అని తేల్చారు. ఉబ్బిన కణాలను మూడు పాళ్ల మిథనాలు, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో నిలిపి, చుక్కచుక్కగా స్లైడు మీద వదులుతారు. చుక్క ఆరే వేగాన్ని బట్టి క్రోమోజోములు విచ్చుకుంటాయి. గదిలో తేమ ఎక్కువైనా తక్కువైనా అవి పరుచుకునే తీరు మారిపోతుంది. వానాకాలంలో మన తీరప్రాంతపు గాలి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి, ఇక్కడ ఈ పని చేసేవాళ్లు గదిలోని తేమను ఎందుకంత పట్టించుకుంటారో చెప్పనక్కర్లేదు.

స్లైడు, ప్రోబు కలిశాక వేడి మొదలవుతుంది. మామూలుగా డీఎన్‌ఏ పోగులు పూర్తిగా విడిపోవాలంటే 90 డిగ్రీలు దాటాలి. ఆ వేడికి క్రోమోజోముల రూపం చెడుతుంది. ఫార్మమైడ్ కలిపితే 73 డిగ్రీల దగ్గరే విడిపోతాయి. తర్వాత కవర్‌స్లిప్ పెట్టి, అంచులకు రబ్బరు జిగురు పూసి, తేమ పెట్టెలో 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతారు. కవర్‌స్లిప్ కింద ఒక గాలి బుడగ మిగిలితే ఆ మేర ప్రోబు తగలదు, చుక్క రాదు. తెల్లారాక కడగాలి. కడిగే నీటిలో ఉప్పు తగ్గించి వేడి పెంచితే కొద్దిపాటి పోలికతో అతుక్కున్న ప్రోబు ఊడిపోతుంది, అక్షరానికి అక్షరం కుదిరినది నిలుస్తుంది. హర్2 పరీక్షలో ఇలా కడగడం 73 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలు. బొబ్బిలి పక్క గొల్లపల్లిలో వీణకి మైనం మీద మెట్లు నిలిపే పనివాడు, మైనం మరీ కరిగితే మెట్టు జారుతుందని, మరీ బిగుసుకుంటే కదలదని తెలిసి, ఆ మధ్య కాసేపట్లోనే చెవి చెప్పిన చోట దాన్ని కూర్చోబెడతాడు. ఇక్కడా వేడి అలాంటి పనిముట్టే. వేడి తగ్గితే తప్పు చోట్ల మెరుపు మిగులుతుంది, మరీ పెరిగితే అసలు చుక్కే పోతుంది.

ఈ పద్ధతి ఒక్కసారిగా రాలేదు. 1969లో జోసెఫ్ గాల్, మేరీ లూ పార్డ్యూ కప్ప జాతి జీవి అండకణాల్లో రైబోసోమ్ జన్యువులను వాటి చోటే పట్టుకోగలిగారు. అదే ఏడాది బ్రిటన్‌లో జాన్, బర్న్‌స్టీల్, జోన్స్ కూడా ఆ దారినే చేరుకున్నారు. అప్పుడు ప్రోబుకి రంగు లేదు, రేడియోధార్మిక ట్రిటియం ఉండేది. స్లైడుకి ఫొటో ఎమల్షన్ పూసి చీకట్లో వారాలు, నెలలు దాచేవారు. వచ్చే నల్లటి రేణువులు చెల్లాచెదురుగా పడేవి. ఎన్నో కణాల్లో రేణువులు లెక్కించి, ఎక్కడ గుమిగూడాయో చూసి చోటు నిర్ణయించేవారు. 1980లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ శాస్త్రవేత్తలు రంగును నేరుగా ప్రోబుకి తగిలించారు. 1981లో యేల్‌లో లాంగర్, వాల్డ్రాప్, వార్డ్ తర్వాత రంగు అంటించుకోవడానికి కొక్కెంలా పనికొచ్చే బయోటిన్ తగిలించిన అక్షరాలు తయారుచేశారు. 1986లో పింకెల్, స్ట్రామ్, గ్రే దీన్ని నమ్మకంగా కొలవగలిగే పద్ధతిగా తీర్చారు. నెలల పని రెండు రోజులకు దిగింది.

ఆ రేడియోధార్మిక రోజుల్లో మనవారొకరు చేసిన పని ఒకటి చెప్పుకోవాలి. తర్వాత హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం)కి డైరెక్టరైన లాల్జీ సింగ్, అంతకు ముందు ఎడిన్‌బరోలో ఇదే జోన్స్ దగ్గర పనిచేశారు. కట్లపాము డీఎన్‌ఏ నుంచి తీసిన ఒక వరుసను ఎలుక క్రోమోజోముల మీద ప్రోబుగా వాడారు. రెండు ఎక్స్ క్రోమోజోములున్నా మగవిగా పుట్టే ఎలుకలు కొన్ని ఉంటాయి. వాటిలో ఒక ఎక్స్ కొసన ఆ వరుస వెలిసింది. వై క్రోమోజోము ముక్క ఎక్స్ మీదికి చేరడమే మగతనానికి కారణమని 1982లో ‘సెల్’ పత్రికలో సింగ్, జోన్స్ చూపించారు. ఎన్నో ఏళ్ల చిక్కుముడి ‘అది ఎక్కడుంది’ అనే ఒక్క ప్రశ్నతో విడిపోయింది. చోటు తెలియడమే జవాబు కావడం ఈ పద్ధతి అసలు బలం.

అయితే ఉత్తరాంధ్ర పాఠకుడు మరింత దగ్గరగా తీసుకోవలసిన పేరు ఆర్.ఎస్.కె. చాగంటి. మన పక్కనే ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయం విద్యార్థి. వాల్తేరులో వృక్షశాస్త్ర ఆచార్యులు జె. వెంకటేశ్వర్లు ఆ రోజుల్లో మొక్కల పిండోత్పత్తి, క్రోమోజోములు చదివేవారికి పెద్ద దిక్కు. కోయిక్స్ అనే గడ్డి మొక్క మీద ఈ గురుశిష్యులిద్దరూ కలిసి రాసిన పుస్తకాన్ని భారత వ్యవసాయ పరిశోధన మండలి 1973లో ప్రచురించింది. పూసల్లా గట్టిగా మెరిసే గింజలున్న గడ్డి అది. దండలు గుచ్చుతారు, కొన్ని చోట్ల తింటారు. మొక్కజొన్నకి దగ్గరి బంధువు. చాగంటి హార్వర్డ్‌కి వెళ్లాక పట్టుకున్నదీ మొక్కజొన్ననే. ట్రిప్సాకమ్ అనే అడవి గడ్డితో దాన్ని సంకరం చేసినప్పుడు క్రోమోజోములు ఎలా ప్రవర్తిస్తాయన్న పరిశోధన 1965లో హార్వర్డ్ నుంచే పుస్తకంగా వచ్చింది. అప్పటికి రంగుల ప్రోబులు లేవు. ఏ క్రోమోజోము ఏ తల్లిదో పొడవును బట్టి, నడుము ఉన్న చోటును బట్టి, మీదున్న ముడులను బట్టి కన్నే చెప్పాలి.

అలా మొక్కల మీద తీర్చుకున్న కన్ను మనుషుల జబ్బుల వైపు తిరిగింది. 1974లో చాగంటి, షోన్‌బర్గ్, జర్మన్ ముగ్గురూ బ్లూమ్ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బు ఉన్నవారి రక్తకణాల్లో, క్రోమోజోము జంటపోగుల మధ్య మార్పిడులు మామూలుకంటే ఎన్నో రెట్లు ఎక్కువని చూపించారు. తర్వాత చాగంటి న్యూయార్కులోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో క్యాన్సర్ క్రోమోజోముల ప్రయోగశాలను నడిపారు. అక్కడి ఒక పని చూస్తే చుక్క విలువ తెలుస్తుంది.

వృషణాల్లోని బీజకణాల నుంచి వచ్చే కణితుల్లో చాలావాటిలో 12వ క్రోమోజోము వింత రూపంలో కనిపిస్తుంది. పొడవు చేయి పోయి, రెండు వైపులా పొట్టి చేయే ఉంటుంది. దీన్ని ఐసోక్రోమోజోమ్ 12పి అంటారు. 1982లో ఆట్కిన్, బేకర్ దీన్ని మొదట గుర్తించారు. ఇది వైద్యానికి పనికొచ్చే ఆనవాలని బాస్ల్, చాగంటి బృందం 1989లో చెప్పింది. 1991లో ముఖర్జీ, మూర్తి, చాగంటి తదితరులు దీన్ని ఫ్లోరెసెంట్ ప్రోబులతో పట్టుకుని, అది ఎలా పుడుతుందో కూడా పరిశీలించారు. ప్రోబులు వచ్చాక దక్కిన గొప్ప వీలు ఇది: కణం విభజన దశలో లేకపోయినా జవాబు వస్తుంది. గట్టి కణితుల కణాలు ల్యాబులో సరిగా పెరగవు. పెరగకపోతే పాత పద్ధతిలో క్రోమోజోములు చూసే దారే లేదు. ప్రోబుకి ఆ అవసరం లేదు. విశ్రాంతిగా ఉన్న కేంద్రకంలోనూ చుక్కలు లెక్కపెట్టవచ్చు.

దాని ఫలితం రోగి మంచం దాకా వచ్చింది. శరీరంలో క్యాన్సర్ ఉంది, ఎక్కడ పుట్టిందో మాత్రం తెలియని రోగులు కొందరుంటారు. మోట్జర్, చాగంటి తదితరులు 1995లో ప్రచురించిన అధ్యయనంలో అలాంటి 40 మంది కణితుల క్రోమోజోములు, జన్యువులు చూశారు. 12 మందిలో 12వ క్రోమోజోము ఆనవాళ్లు దొరికాయి, అంటే అవి బీజకణ కణితులు. ఆ రకం కణితికి 1970ల నుంచే సిస్‌ప్లాటిన్ మందు బాగా పనిచేస్తోంది. ఆ 12 మందిలో నాలుగింట మూడు వంతుల మందికి ఆ మందుతో కణితి తగ్గింది. పేరు తెలియని జబ్బుకి పేరు దొరకడమే వైద్యానికి దారి అయింది. వాల్తేరు, హార్వర్డ్‌లలో గడ్డి మొక్కల క్రోమోజోములు ఓపికగా గుర్తుపట్టిన అలవాటు ఈ పనికి పునాదుల్లో ఒకటని నేను గట్టిగా నమ్ముతాను. యంత్రం చుక్కను చూపిస్తుంది. ఏ చుక్కను నమ్మాలో ఏళ్ల తరబడి చూసిన కన్ను చెబుతుంది.

కణజాలంలో చూడటం ఇంకో మెట్టు కష్టం. ఆపరేషన్లో తీసిన ముక్కను ఫార్మలిన్‌లో నిలిపి, మైనపు బ్లాకులో పోసి, నాలుగైదు మైక్రాన్ల మందాన కోస్తారు. ఆ కోత కేంద్రకాల మధ్య నుంచే పోతుంది. కొన్ని చుక్కలు తెగిన ముక్కతో పాటు పోతాయి. అందుకే జన్యువు చుక్కలొక్కటే లెక్కపెట్టరు. అదే క్రోమోజోము నడుముకి రెండో రంగు ప్రోబు వేసి, రెండింటి నిష్పత్తి తీస్తారు. కోతలో పోయేది రెండింటికీ ఒకేలా పోతుంది కనుక నిష్పత్తి చాలావరకు నిలబడుతుంది. కత్తి చేసే నష్టాన్ని లెక్కలోనే సరిచేసుకునే ఈ ఏర్పాటు నాకు మొత్తం పద్ధతిలోకెల్లా నచ్చిన భాగం.

మైనం తీసేశాక పెప్సిన్ లాంటి ఎంజైమ్‌తో కణాన్ని కొంచెం జీర్ణం చేయాలి. ఫార్మలిన్ ప్రోటీన్లను పెనవేసి ప్రోబుకి దారి మూసేస్తుంది. ఎంజైమ్ తక్కువైతే ప్రోబు లోపలికి పోదు. ఎక్కువైతే కేంద్రకాల అంచులు కరిగి, నీలం గుండ్రం దయ్యపు నీడలా తేలిపోతుంది. ప్రతి బ్లాకుకీ ఈ సమయం వేరు, ఎందుకంటే ప్రతి ముక్కా ఫార్మలిన్‌లో ఉన్న కాలం వేరు. నేర్పున్న టెక్నీషియన్ మధ్యలో స్లైడు తీసి మైక్రోస్కోపు కింద చూసి, ఇంకో రెండు నిమిషాలా, చాలా అని నిర్ణయిస్తారు.

లెక్క పెట్టడానికీ కట్టుబాట్లున్నాయి. ముందు మామూలు రంగు వేసిన స్లైడు మీద పాథాలజిస్టు క్యాన్సర్ చొచ్చుకుపోయిన భాగాన్ని పెన్నుతో గీస్తారు. ఫ్లోరెసెన్సు కింద మంచి కణమూ క్యాన్సర్ కణమూ ఒకే నీలంగా కనిపిస్తాయి గనుక ఆ గీతే దారి చూపుతుంది. ఒకదాని మీద ఒకటి పడిన కేంద్రకాలను వదిలేయాలి. కనీసం 20 కేంద్రకాలు లెక్కించాలి. ఉదాహరణకి 20 కేంద్రకాల్లో 38 ఆకుపచ్చ, 160 నారింజ చుక్కలు వస్తే నిష్పత్తి 4.2, కణానికి సగటున 8 హర్2 ప్రతులు. నిష్పత్తి 2 గానీ అంతకు మించి గానీ ఉండి, సగటు 4కి తగ్గకపోతే జన్యువు పెరిగినట్టే. ఈ రెండూ ఒకదానికొకటి సరిపడకపోతే ప్రోటీన్ పరీక్షతో కలిపి చూసి, మరొకరి చేత మళ్లీ లెక్కపెట్టిస్తారు. ఎర్రరక్తకణాలూ సాగే పోగులూ తమంతట తామే మెరుస్తాయి. అసలు చుక్క గుండ్రంగా, పదునుగా, ఒక్క ఫిల్టరులోనే వెలుగుతుంది; దొంగ మెరుపు అన్ని ఫిల్టర్లలోనూ కనిపిస్తుంది. ఇది పుస్తకం చెప్పే తేడా. వందల స్లైడ్లు చూసినవారు ఫిల్టరు మార్చకముందే కనిపెడతారు.

జన్యువు పెరగడమే కాక విరగడాన్నీ ఈ పద్ధతి చూపిస్తుంది. జన్యువుకి ఒక పక్క ఎరుపు, మరో పక్క ఆకుపచ్చ ప్రోబులు వేస్తారు. జన్యువు చెక్కుచెదరకుండా ఉంటే రెండూ కలిసి పసుపుగా కనిపిస్తాయి. మధ్యలో విరిగితే విడిపోతాయి. లింఫోమా అనే క్యాన్సర్లలో బీసీఎల్6 జన్యువు విరుపును ఇలాగే చూస్తారు. ఆ జన్యువును 1993లో గుర్తించిన బృందాల్లోనూ చాగంటి ఉన్నారు. జన్యువు నుంచి వెలువడే ఆర్‌ఎన్‌ఏని కూడా కణంలో ఒక్కొక్క అణువుగా చూడవచ్చు: 20 అక్షరాల పొట్టి ప్రోబులు 48 దాకా ఒకే అణువు మీద వరుసగా కూర్చుంటే అవన్నీ కలిసి ఒక్క చుక్కగా కనిపిస్తాయి. 2008లో రాజ్, త్యాగి తదితరులు చూపించిన పద్ధతి ఇది.

దీనికి హద్దులున్నాయి. అడిగిన జన్యువు గురించే చెబుతుంది; అడగనిదాని గురించి నోరు విప్పదు. ఒక్క అక్షరం మారితే దీనికి కనిపించదు. అలాంటివాటికి ఇప్పుడు జన్యుక్రమం చదివే యంత్రాలున్నాయి. కానీ ఆ యంత్రాలు సాధారణంగా కణాలన్నిటినీ నలిపి సగటు చెబుతాయి. ఏ కణంలో, కణజాలంలో ఏ మూల, ఎన్ని ప్రతులు అన్న ప్రశ్నకి కణాన్ని దాని చోటే ఉంచి జవాబు చెప్పగలిగినది ఈ పద్ధతి. అర్ధశతాబ్దం దాటినా ల్యాబుల్లో దీని బల్ల ఖాళీ కాకపోవడానికి కారణం అదే.

చదువరులకి ఒక మాట. ఈ పరీక్ష పెద్ద నగరంలో జరిగినా దాని నాణ్యత విజయనగరంలోనో, పార్వతీపురంలోనో, శ్రీకాకుళంలోనో ఆపరేషన్ బల్ల దగ్గరే మొదలవుతుంది. తీసిన ముక్క గంటలోపు తగినంత ఫార్మలిన్‌లో పడాలి. పెద్ద ముక్క అయితే కోసి వేయాలి. అందులో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలు మించకుండా ఉండాలి. సెలైన్‌లోనో, ఉత్త డబ్బాలోనో రోజంతా ఉన్న ముక్క మీద ఎంత నేర్పున్న చెయ్యి పనిచేసినా ఫలితాన్ని నమ్మడం కష్టం. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఆపరేషన్ ఉంటే ముక్కను దేనిలో వేస్తారని డాక్టరుగారిని ముందే అడగండి. ఆసుపత్రి మారేటప్పుడు కాగితాలతో సరిపెట్టుకోకుండా మైనపు బ్లాకు కూడా అడిగి తీసుకోండి; ఏళ్ల తర్వాతైనా మళ్లీ పరీక్ష చేయించాలంటే అదే ఆధారం.